మొదటి ఏడాది విద్యార్థికి రాయడం నేర్పడం ఎలా

"ఈ ఉదయం మీ ఇంటి గడప దాటినప్పటి నుంచి కళాశాల గేటు దాకా ఏం జరిగిందో పది నిమిషాలు రాయండి" అని డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు నేను చెబితే, ఏటా ఎవరో ఒకరు లేచి అడిగేవారు: "మేడం, ఇది ఎన్ని మార్కులకు?" వెంటనే రెండో ప్రశ్న వచ్చేది: "సైడ్ హెడ్డింగులు పెట్టాలా?"

ఈ రెండు ప్రశ్నలు విన్నప్పుడు కోపం తెచ్చుకోకండి. ఆ పిల్లలు ఇంటర్మీడియట్‌లో రెండేళ్లపాటు ముందే తెలిసిన ప్రశ్నకు ముందే సిద్ధంగా ఉన్న జవాబును తప్పు పోకుండా కాగితం మీదకు దించడం నేర్చుకుని వచ్చారు. శీర్షికలు స్కెచ్ పెన్నుతో రాస్తారు. వాటి కింద స్కేలుతో గీత గీస్తారు. మూడు గంటలు తల ఎత్తకుండా రాయగలరు. ఆ ఓర్పు చిన్నది కాదు, మనకు చాలా పనికొస్తుంది. వారికి ఇంతవరకు ఎదురుకానిది ఒక్కటే: తమకు తప్ప ఆ గదిలో మరెవరికీ తెలియని సంగతిని, తెలియనివారికి అర్థమయ్యేలా రాయమని అడిగినవారు లేరు. మనం అడగాల్సింది అదే. తరువాత నేను చెప్పే పద్ధతులన్నీ ఆ ఒక్క పని కోసమే.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఇరవై ఆరేళ్లు తెలుగు చెప్పాను. అందులో పద్నాలుగేళ్లు మొదటి సంవత్సరం వారికి వారానికి ఒక గంట రచనకే కేటాయించాను. ఈ ఏడాది మొదటిసారి ఆ తరగతి చేతికొచ్చిన యువ అధ్యాపకుల కోసం ఇది రాస్తున్నాను.

ముందు లెక్క చూసుకోండి. నా తరగతిలో అరవై రెండు మంది ఉండేవారు. ఒక్కొక్కరిది వారానికి ఒక పేజీ, పేజీకి నాలుగు నిమిషాలు అనుకున్నా నాలుగు గంటలు దాటుతుంది. మిగతా తరగతులు, పరీక్షల పని, ప్రవేశాల పని చేసుకుంటూ అంత సమయం తీయడం కుదరదు. మొదటి రెండేళ్లు అన్నీ నేనే చదవాలని పట్టుబట్టాను. దసరా సెలవులు వచ్చేసరికి మా ఇంట్లో బీరువా పక్కన నోటుపుస్తకాలు నడుము ఎత్తున పేరుకున్నాయి. నెల తరువాత తిరిగి ఇస్తే, ఆ పేజీ ఎందుకు రాశారో పిల్లలకే గుర్తులేదు. మూడో ఏడు మార్చుకున్నాను. అందరూ ప్రతి వారం రాస్తారు, నేను వారానికి పదహారు మందివి చదువుతాను. తరగతిని నాలుగు జట్లు చేస్తే నెలకు ఒకసారి ప్రతి ఒక్కరి పేజీ నా చేతికి వస్తుంది. మిగిలిన మూడు వారాలు పక్కవారు చదువుతారు. చదివిన పదహారింటినీ మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. ఆలస్యమైన వ్యాఖ్య ఎంత మంచిదైనా, పిల్లలు అదే పేజీని తిరగరాసే రెండో ప్రతికి అందదు.

పుస్తకం విషయంలో ఒక్క నియమం: కుడి పేజీ మీదే రాయాలి, ఎడమ పేజీ ఖాళీగా వదలాలి. ఆ ఖాళీ రెండో ప్రతిని తిరగరాసుకోవడానికి. పుస్తకం వృథా అవుతోందని పిల్లలు బాధపడతారు, ఇళ్లలో పెద్దలు కోప్పడతారు కూడా. కొనలేని వారికి ఆఫీసులో ఒకవైపు వాడేసిన కాగితాలు తెచ్చి, దారంతో కుట్టి ఇచ్చాను.

మొదటి రోజు పది నిమిషాలూ కలం ఆగకూడదు, కొట్టివేతలు ఉండకూడదు. ఏమీ తోచకపోతే "ఏమీ తోచడం లేదు" అనే రాయమనండి. వారు రాస్తున్నంతసేపు మీరు బల్లల మధ్య తిరగకండి. మీరూ కూర్చుని అదే విషయం మీద మీ పుస్తకంలో రాయండి. ఇది చాలా ముఖ్యం. పాఠశాలలో చేరిన నాటి నుంచి ఆ పిల్లలు తమ గురువు ఎదురుగా కూర్చుని ఆలోచిస్తూ, తడబడుతూ రాయడం చూసి ఉండరు. పది నిమిషాలు కాగానే ముందు మీది చదివి వినిపించండి. నేను మొదటిసారి చదివినప్పుడు గొంతు సరిగా రాలేదు. ఇంటి గేటు తాళం ఎక్కడ పెట్టానో వెతుక్కుంటూ బస్సు తప్పిపోయిన సంగతి అందులో ఉంది. నేను చదివాక ముగ్గురు చేతులెత్తారు. తరువాత ఎవరైనా చదువుతామంటే చదవనివ్వండి, బలవంతం వద్దు. ఆ కాగితాలకు మార్కులు వేయకండి, దిద్దకండి. తారీఖు వేసి ఒక కవరులో దాచండి. వాటి పని మార్చిలో ఉంది.

ఆ కాగితాల్లో ఏం కనిపిస్తుందో ముందే చెబుతాను, నిరాశ పడకుండా ఉంటారు. "గ్రామాలే దేశానికి పట్టుగొమ్మలు" అని మొదలవుతాయి. ఒక ఏడాది లెక్కపెడితే పదకొండు కాగితాలు ఆ వాక్యంతోనే మొదలయ్యాయి. ఇంటి నుంచి గేటు దాకా రాయమంటే పట్టుగొమ్మలు ఎందుకు వచ్చాయి? భయం వల్ల. పరీక్షలో ఎన్నడూ తప్పని వాక్యం అది, పట్టుకుంటే పడిపోమని నమ్మకం. ఎర్ర సిరాతో కొట్టేస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది. అందుకే ఆ వాక్యం జోలికి పోకుండా, దాని పక్కన ఒక ప్రశ్న రాసేదాన్ని: "మీ ఊరి బస్సు ఆగేచోట ఏ చెట్టు ఉంది?"

ఈ ప్రశ్నల పద్ధతి ఎలా పనిచేస్తుందో ఒక అమ్మాయి రాతతో వివరిస్తాను. ఆమెది పొందూరు. ఇంటి పని గురించి ఒక పేజీ రాయమంటే "ఖాదీ మన జాతి గౌరవానికి ప్రతీక. గాంధీజీచే ప్రశంసించబడిన పొందూరు ఖాదీ ప్రపంచ ప్రసిద్ధి చెందినది" అని మొదలుపెట్టి, ఖాదీ పరిశ్రమను కాపాడుకోవడం మనందరి బాధ్యత అని ముగించింది. తప్పులు లేవు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎవరి ఇల్లు కూడా ఆ పేజీలో లేదు. నేను అంచున మూడు ప్రశ్నలు రాశాను: "మీ ఇంట్లో ఈ పని ఎవరు చేస్తారు? ఉదయం లేవగానే ఆమె ముందుగా చేతిలోకి తీసుకునేది ఏది? ఆ పని జరుగుతున్నప్పుడు ఇంట్లో ఏ చప్పుడు వినిపిస్తుంది?"

పై వారం ఎడమ పేజీ మీద రెండో ప్రతి వచ్చింది. వాళ్ల నాయనమ్మ వాలుగ చేప దవడతో పత్తిని ఏకుతుంది. ఆ దవడకున్న సన్నటి పళ్లు దువ్వెనలా పనిచేసి, గింజను అంటిపెట్టుకున్న దూదిలోని నలకలను తీసేసి పోగులను వరుసగా సర్దుతాయి. వడకడానికి చుట్టిన దూది ఏకులు నలగకుండా ఎండిన అరటి దొప్పలో పెడుతుంది. పిల్లకు చిన్నప్పుడు ఆ దవడ అంటే భయం, రాత్రి అది కరుస్తుందని అనుకునేది. ఏకుతున్నంతసేపు గీరినట్టు సన్నటి చప్పుడు వస్తుందనీ, ఆ చప్పుడు ఆగిపోతే నాయనమ్మ కునుకు తీసిందని ఇంట్లో అందరికీ తెలిసిపోతుందనీ రాసింది. తరగతిలో చదివినప్పుడు పక్క మండలాల పిల్లలు కూడా చేప దవడతో పత్తిని దువ్వుతారని మొదటిసారి విన్నారు. నలభై కిలోమీటర్ల దూరంలో పుట్టి పెరిగినవారికీ తెలియదు. అందరూ ఒక్కసారిగా ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. ఆమె ముఖం చూశాను. తన ఇంట్లో ఉన్నది ఇతరులకు కావలసిన విషయమని ఆ పిల్లకు అప్పటిదాకా తెలియదు.

కాబట్టి అంచున ప్రశ్నలే రాయండి. పేజీకి మూడుకు మించవద్దు. ఎవరు, ఎక్కడ, చేత్తో ఎలా, అప్పుడు ఏం వినిపించింది, ఎంత దూరం, ఎంత కూలి వంటి వాటికి జవాబు రాయబోతే వాక్యం తనంతట తాను నేల మీదకు దిగుతుంది. "ఇంకా వివరంగా రాయి" అనే వ్యాఖ్య ఎందుకూ పనికిరాదు. ఏది వివరించాలో తెలిసి ఉంటే మొదటే రాసి ఉండేవారు. "బాగుంది" అని ఒంటరిగా రాయకండి. బాగున్న వాక్యం కింద గీత గీసి, అది చదివినప్పుడు మీకు ఏం కనిపించిందో రాయండి.

రెండో ప్రతి గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. మళ్లీ రాయడం అంటే పిల్లలకు శిక్ష అని అర్థం. బడిలో తప్పు చేస్తే పదిసార్లు రాయించారు కదా. నేను ఈ ముడి విప్పడానికి నా చిత్తుప్రతులు తెచ్చి చూపించేదాన్ని. సహోద్యోగి పదవీ విరమణ సభలో చదవడానికి రెండు పేజీల ప్రసంగం రాసుకున్నాను. ఐదుసార్లు మార్చాను. ఆ ఐదు ప్రతులనూ వరుసగా బల్ల మీద పరిచి, ఒక్కో జట్టును వచ్చి చూడమన్నాను. కొట్టివేతలు, బాణం గుర్తులు, అంచుల్లో కుక్కిన వాక్యాలు ఉన్నాయి. "మీరు కూడా ఇన్ని కొట్టేస్తారా మేడం?" అని ఒక అబ్బాయి అడిగాడు. ఆ రోజు తరువాత ఎడమ పేజీలు నిండడం మొదలైంది.

రెండో ప్రతికి మూడు పనులు మాత్రమే చెప్పండి. మొదటిది, రచన నిజంగా ఎక్కడ మొదలైందో వెతకమనండి. చాలాసార్లు అది ఐదో వాక్యం దగ్గరో ఆరో వాక్యం దగ్గరో ఉంటుంది. దానికి ముందున్నదంతా రాసేవారు గొంతు సవరించుకోవడమే, తీసేస్తే ఏమీ పోదు. రెండోది, పైకి చదవమనండి. ఎక్కడ ఊపిరి అందదో అక్కడ వాక్యాన్ని విరవాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, మధ్యలో నాలుగు సంగతులు ఇరికిస్తే చదివేవారు మొదటి మాటను మరిచిపోతారు. చెవి దీన్ని కంటికంటే ముందు పట్టుకుంటుంది. మూడోది, "బడు" ఎక్కడుందో చూడమనండి. "ప్రశంసించబడిన", "నిర్మించబడినది", "చెప్పబడుచున్నది" వంటివి గైడు పుస్తకాల నుంచి వస్తాయి. "ఎవరు చేశారు?" అని అడిగితే చాలు, పని చేసిన మనిషి వాక్యంలోకి వచ్చేస్తాడు. "వంతెన నిర్మించబడినది" అన్న అబ్బాయిని అడిగితే, ఆ వంతెనకు వాళ్ల నాన్న రాళ్లు మోశాడని తెలిసింది. ఆ వాక్యం నాన్నతో మొదలవ్వాలి కదా.

ఇక తప్పులు దిద్దడం. ఇది మన వృత్తిలో చాలామందికి ప్రాణసమానం, నాకూ అంతే. కానీ ఒక పేజీలో ముప్పై ఎర్ర గుర్తులు చూసిన విద్యార్థి పై వారం చిన్న వాక్యాలు రాస్తాడు, తెలిసిన మాటలే వాడతాడు, వాలుగ చేప జోలికి పోడు. నేను నెలకు ఒకే రకం తప్పు తీసుకునేదాన్ని. ఆగస్టులో ఒత్తులు: విద్యను "విధ్య" అని, ఉద్యోగాన్ని "ఉధ్యోగం" అని, ప్రాథమికాన్ని "ప్రాధమికం" అని, కథను "కధ" అని రాయడం. సెప్టెంబరులో ణ-న, ళ-ల. తరువాత శ, ష, స. ఆ నెలలో ఆ ఒక్క రకమే దిద్దుతాను, మిగతావి చూసినా వదిలేస్తాను. వదిలేయడం మొదట్లో చాలా కష్టం. సంక్రాంతికి ఫలితం కనిపించింది. ముప్పై రకాలూ ఒకేసారి దిద్దిన ఏడాదికంటే ఒక్కొక్కటి దిద్దిన ఏడాదే తప్పులు తగ్గాయి. ప్రతి విద్యార్థి పుస్తకం చివరి పేజీలో తన సొంత తప్పుల జాబితా రాసుకోవాలి. ఆ జాబితా పది మాటలకు మించకూడదు. ఒక మాట కుదిరాక కొట్టేసి మరొకటి చేర్చుకోవాలి.

ఏ తెలుగులో రాయాలి? మొదటి నెలలోనే ఈ ప్రశ్న వస్తుంది. రాకపోతే మీరే తీసుకురండి. మా ప్రాంతానికి ఈ ప్రశ్నతో పాత బంధుత్వం ఉంది. కళాశాల విద్యార్థి తెలుగు రచన ఏ భాషలో చేయాలన్న వివాదం మద్రాసు విశ్వవిద్యాలయం ముందుకు వచ్చినప్పుడు, విజయనగరంలో ఉన్న గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతి పత్రం రాశారు. పిల్లలు ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో రాయాలనడాన్ని ఆయన ఒప్పుకోలేదు. పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తి మరో వైపు నుంచి అదే పోరాటం చేశారు. గ్రాంథికం రాయాల్సిందేనన్న పండితుల రచనల్లోనే తప్పులు ఎత్తి చూపి, పండితులకే చేతకాని భాష పిల్లలకు ఎందుకని అడిగారు. ఈ సంగతి తరగతిలో చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు. వంద ఏళ్ల కిందట ఇద్దరు పెద్దవాళ్లు తమలాంటి మొదటి ఏడాది విద్యార్థుల వ్యాసం కోసం విశ్వవిద్యాలయంతో తగువు పెట్టుకున్నారని ఎవరూ వారికి చెప్పలేదు. మనం ఏటా ఆగస్టు 29న గిడుగు జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతాం, దండ వేస్తాం, పాటలు పాడిస్తాం. ఆ రోజు పిల్లలతో ఒక పేజీ రాయిస్తే ఆయనకు అంతకంటే ఇష్టంగా ఉండేదని నా నమ్మకం.

నేను పెట్టుకున్న ఏర్పాటు ఇది. కథనం నడిపే వాక్యాలు అందరికీ అర్థమయ్యే తెలుగులో ఉండాలి, ఎందుకంటే అనంతపురంలోనో ఆదిలాబాదులోనో ఉన్నవారు కూడా చదవాలి. మనుషులు మాట్లాడిన మాటలు వాళ్లు అన్నట్టే ఉండాలి. పని మాటలను మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. పలాస అమ్మాయి తన తల్లి జీడి కర్మాగారంలో చేసే పని గురించి రాస్తే, "జీడిపిక్కలు" అన్న మాటను నిఘంటువు మాటగా మార్చకండి. గుండుపప్పు, బద్దపప్పు అని రాస్తే, ఆ తేడా ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పమని అడగండి చాలు. విరగని పప్పు ఒక ధర, విరిగినది ఇంకో ధర. పిక్క పగిలినప్పుడు చిమ్మే జీడి రసానికి చేతులు కాలి నల్లబడతాయి. ఆ పని మాటల్లోనే ఆ తల్లి రోజంతా ఉంది.

సీతంపేట వైపు నుంచి వచ్చే సవర తెగ గిరిజన పిల్లల విషయం ఇంకా సున్నితం. వారికి తెలుగు ఇంటి భాష కాదు. ఎనిమిది మంది ఉన్న ఏడాది ఒకటి నాకు బాగా గుర్తు. మొదటి రెండు నెలలు వారి పేజీల్లో నాలుగు వాక్యాలే ఉండేవి, అవీ ఎక్కడో చదివినవి. నేను తొందరపడి భాష రాదనుకున్నాను. అది నా పొరపాటు. మధ్యాహ్నం చెట్టు కింద కూర్చోబెట్టి, ముందు ఒకరికొకరు సవరలో చెప్పుకోమని, తరువాత నాకు తెలుగులో చెప్పమని అడిగాను. చెప్పినది చెప్పినట్టు రాయమన్నాను. కొండ పోడు వ్యవసాయం గురించి ఒక అబ్బాయి పేజీన్నర రాశాడు. తెలుగులో దొరకని మాటలను సవరలోనే తెలుగు లిపిలో రాసి, పక్కన అర్థం ఇచ్చాడు. గిడుగు పర్లాకిమిడిలో సవరల భాష నేర్చుకుని నిఘంటువు చేశారని అప్పుడు చెప్పాను. ఆ అబ్బాయి ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుందని వెంటనే అడిగాడు.

జంటలుగా చదివించడం గురించి కొంచెం. వినేవారు "బాగుంది" అనకూడదు, "బాగాలేదు" అనకూడదు. తాము విన్నది తమ మాటల్లో తిరిగి చెప్పాలి, తరువాత ఒక ప్రశ్న అడగాలి. తిరిగి చెప్పేటప్పుడు తప్పిపోయిన సంగతే రాతలో సరిగా రాని సంగతి. అబ్బాయిలను అమ్మాయిలను మొదటి నెలలోనే జంటలుగా కూర్చోబెట్టకండి. మా ఊళ్లలో అది ఇళ్ల దాకా వెళ్లే మాట అవుతుంది. ఎవరి పక్కన ఎవరు సుఖంగా కూర్చుంటారో పిల్లలకు వదిలేయండి.

ఒక హెచ్చరిక. నిజం రాయమని అడిగినప్పుడు నిజం వస్తుంది. తాగి వచ్చే తండ్రి, అప్పు, గుజరాత్ సముద్రానికి వేటకు వలస వెళ్లి నెలల తరబడి ఇంటికి రాని అన్న, ఇవన్నీ పేజీల్లోకి వస్తాయి. అందుకని మొదటి రోజే చెప్పేదాన్ని: పేజీ మూల మడిచి ఉంటే పక్కవారికి ఇవ్వను, పైకి చదవను. నిలువునా సగానికి మడిచి ఉంటే నేను కూడా చదవను, రాశారో లేదో మాత్రమే చూస్తాను. ఈ మాట ఒక్కసారి కూడా తప్పకండి. దుఃఖం ఉన్న పేజీ మీద ఒత్తులు దిద్దకండి. ఆ పిల్లను పక్కకు పిలిచి ముందు భోజనం చేసిందో లేదో అడగండి.

నవంబరు నుంచి ఉత్తరాల మీద పడండి. అర్జీ అనగానే "మా బాధలను సహృదయంతో అర్థం చేసుకుని తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన" అని వస్తుంది. నిజమైన అధికారికి, నిజమైన పని మీద రాయించండి. ఒక ఏడాది ఉదయం బస్సు వేళకు రాక పదిహేడు మంది మొదటి గంట పోగొట్టుకునేవారు. డిపో మేనేజరుకు రాయమన్నాను. మొదటి ప్రతిలో ప్రార్థనలే ఉన్నాయి. "మీరు ఆ కుర్చీలో ఉంటే ఈ ఉత్తరం చదివి ఏం చేస్తారు?" అని అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. రెండో ప్రతిలో వారం రోజులపాటు బస్సు ఆగిన వేళలు, ఎక్కేవారి సంఖ్య, తరగతి మొదలయ్యే సమయం, ఎన్ని నిమిషాలు ముందుకు జరిపితే సరిపోతుందో, అన్నీ పది వాక్యాల్లో ఉన్నాయి. మూడు వారాలకు బస్సు పదిహేను నిమిషాలు ముందు వచ్చింది. ఆ పదిహేడు మందికి ఇక నేను రచన ఎందుకని చెప్పాల్సిన అవసరం కలగలేదు.

దీనికి తోడు సమాచార హక్కు దరఖాస్తు రాయించండి. 2005 చట్టం ప్రకారం ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. రచన నేర్పేవారికి ఇది గొప్ప అభ్యాసం. "మా ఊరి రోడ్డు ఎందుకు వేయలేదు?" అని అడిగితే సమాధానం రాదు. ఏ ఏడాది ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, పనుల కొలతల పుస్తకం నకలు ఇవ్వండి అని అడగాలి. ప్రశ్నను కచ్చితంగా రాయడం ఎంత కష్టమో పిల్లలకు అక్కడ తెలుస్తుంది.

సంక్షిప్తంగా రాయడానికి రెండు గంటలు చాలు. దినపత్రిక జిల్లా పేజీలోని మూడు వందల మాటల వార్తను వంద మాటలకు కుదించమనండి, తరువాత ముప్పైకి. ఇంకేమీ చెప్పక్కర్లేదు. నమూనా వ్యాసాలు మాత్రం ఇవ్వకండి. నేను ఒకసారి ఇస్తే నలభై నకళ్లు వచ్చాయి.

2023 నుంచి చాట్‌జీపీటీ రాసిపెట్టిన పేజీలు రావడం మొదలైంది. వాటిని పట్టుకోవడానికి మీ సమయం ఖర్చు చేయకండి. పిల్లను నిలబెట్టి నిలదీస్తే మీరు ఆమెను పోగొట్టుకుంటారు. మొదటి ప్రతి ఎప్పుడూ తరగతిలోనే, చేత్తోనే రాయించండి. ఇంటి నుంచి ఏదైనా తెస్తే ఒకే మాట అడగండి: "ఇందులో నీకు తప్ప ఇంకెవరికీ తెలియని వాక్యం ఏది? దాని కింద గీత గీయి." గీత గీయడానికి చోటు దొరకకపోతే వారే కాగితం వెనక్కి తీసుకుంటారు. ఒక అబ్బాయి చాలాసేపు చూసి, ఒక్క వాక్యం కూడా లేదని తల దించుకున్నాడు. అతనికి కొత్త కాగితం ఇచ్చి నా పక్కనే కూర్చోమన్నాను. తమ చేపల తెప్ప రంగు గురించి రాశాడు, అరపేజీ.

మార్కుల సంగతి. నేను పనిచేసిన కాలంలో అంతర్గత మూల్యాంకనానికి 25 మార్కులు ఉండేవి. అందులో పది మార్కులు మొదటి ప్రతికీ రెండో ప్రతికీ మధ్య వచ్చిన మార్పుకు ఇచ్చేదాన్ని. ఈ పద్ధతి మొదటి రోజే బోర్డు మీద రాసి పెట్టండి. చక్కటి అక్షరాలతో వచ్చి ఏమీ మార్చని విద్యార్థి కంటే, వంకర అక్షరాలతో వచ్చి మూడు పేరాలు కొట్టేసి మళ్లీ రాసిన విద్యార్థికి ఎక్కువ వస్తాయి. కొందరు తల్లిదండ్రులు వచ్చి అడిగారు. రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూపించాను, వారికి అర్థమైంది.

మార్చిలో కవరు తెరవండి. మొదటి రోజు కాగితం ఎవరిది వారికి ఇచ్చి, అదే విషయం మీద మళ్లీ పది నిమిషాలు రాయించండి. రెండూ పక్కన పెట్టుకుని, మారినదేమిటో ఐదు వాక్యాల్లో రాయమనండి. వ్యాఖ్యానం మీరు చేయకండి.

ఇంకొక పని ఉంది, దాన్ని నేను చాలా ఆలస్యంగా కనుక్కున్నాను. ఎవరి గురించి రాశారో ఆ మనిషికి ఆ రచన చదివి వినిపించి రమ్మనండి. చదువు రానివారైతే మరీ మంచిది. పొందూరు అమ్మాయి సంక్రాంతి సెలవుల్లో తన రెండో ప్రతిని నాయనమ్మకు చదివింది. ఆమె రాట్నం ఆపి మొత్తం విన్నదట. విని, "దవడ గురించి రాశావు, దూది గురించి రాశావు, నా నడుము గురించి రాయలేదేమే" అని అడిగిందట. సెలవుల తరువాత మొదటి తరగతికి ఆ పిల్ల నా బల్ల దగ్గరకు వచ్చి, ఎడమ పేజీ నిండిపోయింది, మూడో ప్రతి ఎక్కడ రాయాలని అడిగింది. పుస్తకంలో అంటించుకోవడానికి ఒక కాగితం ఇచ్చాను.